ముక్కులో స్టాఫ్ సూక్ష్మజీవి, మోకాలికి ఆపరేషన్: ఒక కేసు, దాని వెనుక లెక్కలు

మోకాలి కీలు మార్పిడికి వచ్చేవారు మొదట ఖర్చు ఎంత అని అడుగుతారు, తర్వాత నొప్పి గురించి, ఆ తర్వాత ఎప్పటికి నడుస్తామని. ఇన్ఫెక్షన్ గురించి అడిగేవారు తక్కువ. అడిగినా ‘మంచి యాంటీబయాటిక్ వేస్తారు కదా’ అని జవాబు కూడా వాళ్లే చెప్పేస్తారు. చీము పట్టకుండా చూడడమంటే గట్టి సూదిమందు వేయడమే అన్న నమ్మకం రోగుల్లోనే కాదు, మా వృత్తిలోనూ బలంగా ఉంది. ఈ కేసులో వేయమని ఒత్తిడి వచ్చిన మందులు చాలా ఉన్నాయి, వేసినవి మాత్రం కొన్నే. ఏ జాగ్రత్తకు ఎంత ఖర్చు, ఆ ఖర్చు ఎవరిది, మేలు ఎవరికి అని అడుగడుగునా లెక్క చూసుకోవలసి వచ్చింది. అందుకే రాసి పెడుతున్నాను. రోగి ఆనవాలు దొరక్కుండా ఊరు, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను.

నేపథ్యం

చిత్తూరు జిల్లాలో ఒక పల్లె. అరవై దాటిన రైతు మహిళ. నాలుగు పాడి ఆవులు, కొంచెం తోతాపురి తోట. తెల్లవారుజామున, సాయంత్రం పాలు పితికి డెయిరీ కేంద్రానికి పోయడం ఆమె చేతి పని. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి, కుడిది మరీ ఎక్కువ. ఎక్స్‌రేలో లోపలి వైపు ఎముక ఎముకను రాసుకుంటోంది, కాలు విల్లులా బయటికి వంగింది. గొంతుకు కూర్చోలేక స్టూలు మీద కూర్చొని పాలు పితకడం అలవాటు చేసుకున్నారు. పదేళ్లుగా షుగర్, కొన్నేళ్లుగా బీపీ. నొప్పి మాత్రలు ఎంతకాలంగా మింగుతున్నారో ఆమెకే గుర్తు లేదు. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.3 ఉంది, కొంచెం ఎక్కువే. ఈ చివరి అంకె తర్వాత పనికొస్తుంది.

ఆపరేషన్ అవసరమా అన్న సందేహం ఎవరికీ లేదు. ఎప్పుడు చేయాలి, ఏ జాగ్రత్తలతో చేయాలి అన్నదే ప్రశ్న. దీపావళి వెళ్లాక తిరుపతిలో మా దగ్గరికి వచ్చారు. బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు సంక్రాంతికి సెలవు పెట్టుకున్నాడు. ఆ సెలవులో ఆపరేషన్ అయిపోతే మామిడి కాయలు కోతకు వచ్చే వేళకు తోటలో తిరగగలరని వాళ్ల అంచనా. అది తప్పు అంచనా కాదు, వాళ్ల వైపు నుంచి చూస్తే.

కీలు మార్పిడిలో ఇన్ఫెక్షన్ అంటే ఎందుకంత భయమో కొంచెం చెప్పాలి. మామూలు గాయంలో చీము పడితే తెరిచి, కడిగి, మందు ఇస్తే చాలావరకు మానుతుంది. లోహం, ప్లాస్టిక్ మీద సూక్ష్మజీవులు చేరితే అవి జిగురు పొర ఒకటి అల్లుకొని దాని కింద దాక్కుంటాయి. రక్తంలో తిరిగే మందు అక్కడికి చాలినంతగా చేరదు. తొలి వారాల్లో పట్టుకుంటే కడిగి కాపాడే అవకాశం ఉంటుంది. ఆలస్యమైతే పెట్టిన కీలు తీసేసి, మందు కలిపిన సిమెంటు దిమ్మ పెట్టి, వారాల తరబడి సూదిమందులు వేసి, చీము పోయిందని నమ్మకం కుదిరాక మళ్లీ కొత్త కీలు పెట్టాలి. మొదటిసారి చేసే మోకాలి మార్పిడుల్లో ఇలా జరిగేది నూటికి ఒకరిద్దరికి. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్ల ధరలకు కళ్లెం వేసి, ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి రూ.54,720 పరిమితి పెట్టింది. దాంతో మొదటి ఆపరేషన్ మధ్యతరగతికి అందింది. చీము పట్టిన మోకాలికి రెండు విడతల ఆపరేషన్, మందులు, మంచాన పడిన నెలలు కలిపితే మాత్రం ఖర్చు మా ప్రాంతంలో ఆరేడు లక్షలకు తేలిగ్గా చేరుతుంది. పొలం అమ్ముకొని కాలు కాపాడుకున్నవారిని చూశాను.

తేలిన సమస్యలు

ఆపరేషన్‌కు ముందు మేం చేసే పరీక్షల్లో ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 9.2. దగ్గరి పట్టణంలో నెల కిందటే అదే మోకాల్లో స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకున్నారు. మడమలు పగిలి నెర్రెలు విచ్చాయి. పేడ నీళ్లలో నానే వేళ్ల మధ్య చర్మం తెల్లగా పాచిపోయి ఉంది. దవడ పన్ను ఒకటి పుచ్చి చిగురు వాచింది. మూత్రంలోని సూక్ష్మజీవులను పెంచి చూసే కల్చర్‌లో ఈ.కోలై అనే పేగు సూక్ష్మజీవి పెరిగింది, ఆమెకు మాత్రం మంట లేదు, జ్వరం లేదు. అన్నిటికీ మించి ముక్కు నుంచి తీసిన నమూనాలో ఎమ్మార్ఎస్ఏ. అంటే మామూలుగా వాడే పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ మందులకు లొంగని స్టాఫ్ (స్టాఫిలోకాకస్ ఆరియస్) సూక్ష్మజీవి.

వాయిదా

మొదటి నిర్ణయం అందరికంటే కొడుకును ఎక్కువ కష్టపెట్టింది. సంక్రాంతికి ఆపరేషన్ చేయనన్నాను.

కారణాలు రెండు. కీలులో స్టెరాయిడ్ వేసిన మూడు నెలల్లోపు అదే కీలు మారిస్తే ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుందని పెద్ద సంఖ్యలో రోగుల రికార్డులు చూసిన పరిశోధనలు చెబుతున్నాయి. రెండోది షుగర్. 9.2 ఉన్న మనిషికి తెల్ల రక్తకణాలు సరిగా పోరాడవు, గాయం మానడమూ మందగిస్తుంది. ఎంతకు తగ్గితే చేయవచ్చన్న దాని మీద సర్జన్లలో వాదనలున్నాయి. 7.5 దరిదాపుల్లోకి వస్తే ముందుకు వెళ్లడం మా పద్ధతి. ఏడుకు దిగాల్సిందేనని పట్టుబడితే కొందరికి ఆపరేషన్ ఎప్పటికీ జరగదు. కదల్లేని మనిషికి షుగర్ తగ్గడం కూడా కష్టమే.

“వాయిదా వేయకుండా ఇంకా పవర్‌ఫుల్ ఇంజెక్షన్ ఏదైనా వేయకూడదా సార్? ఖర్చు గురించి చూడకండి” అన్నాడు కొడుకు.

ఆ మాటలో అమ్మ మీద ప్రేమ ఉంది, పోయే సెలవు మీద బెంగా ఉంది. నేను ఒక్కటే చెప్పాను: షుగర్ వల్ల వచ్చే ముప్పును సూదిమందు కొనలేదు. వాయిదాకు బిల్లు ఉండదు కాబట్టి అది ఉచితమని డాక్టర్లు అనుకుంటారు. కాని దానికీ ధర ఉంది. మరో మూడు నెలల నొప్పి, పాలు పితకడానికి కూలి మనిషి, మళ్లీ దొరకని సెలవు. ఇవన్నీ రోగి ఇంటి ఖాతాలో పడతాయి, ఆసుపత్రి ఖాతాలో ఎక్కడా కనిపించవు. అంతా కాగితం మీద రాసి, మరోవైపు చీము పట్టిన మోకాలికి అయ్యే ఖర్చు రాసి చూపించాను. కోడలు కాగితం చేతిలోకి తీసుకొని చదివాక మాట మారింది. శివరాత్రి వెళ్లాక చేద్దామని ఒప్పుకున్నారు.

ఆ మధ్యకాలం వృథా పోలేదు. ఫిజీషియన్ రాత్రిపూట ఇన్సులిన్ మొదలుపెట్టారు. పుచ్చిన పన్ను తీయించారు. కాళ్లకు మందు, కొట్టంలోకి వెళ్లేటప్పుడు రబ్బరు బూట్లు. బూట్ల విషయంలో ఇంట్లో నవ్వులాట జరిగిందని విన్నాను. ఆమె మాత్రం తొడిగారు. తిరుమలలో తలనీలాలు ఇస్తానన్న మొక్కు ఒకటి ఉంది, ఆపరేషన్‌కు ముందు రోజు ఇచ్చి నేరుగా వార్డుకు వస్తానన్నారు. మొక్కు మానుకోమని చెప్పే అధికారం నాకు లేదు, చెప్పాలని కూడా లేదు. ముక్కులో ఎమ్మార్ఎస్ఏ ఉన్న మనిషికి ఆపరేషన్ వాకిట్లో తల మీద కొత్త గాట్లు పడడం మాత్రం మంచిది కాదు. వాయిదా కాలంలోనే మొక్కు తీర్చుకొని రమ్మన్నాను, బస్సులోనే కొండకు వెళ్లివచ్చారు. ఆపరేషన్ అయ్యాక అలిపిరి దారిలో మోకాళ్ల పర్వతం దగ్గర మోకాళ్లతో ఎక్కవచ్చా అని అడిగారు. నడిచి ఎక్కండి, మోకాళ్ల మీద వద్దన్నాను.

మూత్రంలో ఈ.కోలై

ఇక్కడ ఏమీ చేయకపోవడమే నిర్ణయం. రిపోర్టులో ఎర్ర అక్షరాలు చూస్తే ఎవరికైనా చేయి ప్రిస్క్రిప్షన్ మీదికి పోతుంది. కాని లక్షణాలు లేకుండా మూత్రంలో ఊరికే ఉన్న సూక్ష్మజీవులకు, మూత్రమార్గానికి సంబంధం లేని ఆపరేషన్ కోసం చికిత్స చేయవద్దని, అసలు ఆ పరీక్షే చేయవద్దని అమెరికా ఇన్ఫెక్షన్ నిపుణుల సంఘం 2019 మార్గదర్శకాలు చెబుతున్నాయి. చికిత్స చేసినా కీలు ఇన్ఫెక్షన్ తగ్గినట్టు రుజువు కాలేదు. విరేచనాలు, అలర్జీ, మందుకు లొంగని రకాలు పేగుల్లో బలపడడం మాత్రం నిజమైన నష్టాలు. ఫైలులో ‘లక్షణాలు లేవు, చికిత్స అక్కర్లేదు’ అని కారణంతో సహా రాశాను. లేకపోతే నైట్ డ్యూటీ డాక్టరు ఆ రిపోర్టు చూసి మంచి మనసుతో మాత్రలు రాసేస్తారు.

ముక్కు పరీక్ష: అందరికీనా, కొందరికా?

ప్రతి నలుగురిలో ఒకరి ముక్కులో స్టాఫ్ కాపురం ఉంటుంది. వాళ్లకు ఏ జబ్బూ ఉండదు. ఆపరేషన్ గాయంలో చేరే స్టాఫ్ చాలాసార్లు రోగి సొంత ముక్కు, చర్మం నుంచి వచ్చినదే. 2010లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన పరిశోధనలో ఇలా ముక్కులో స్టాఫ్ ఉన్న తొమ్మిది వందలకు పైగా మందిని రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి ముక్కులో మ్యుపిరోసిన్ అనే యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్, ఒంటికి సూక్ష్మజీవులను చంపే క్లోర్‌హెక్సిడిన్ మందుతో స్నానం. రెండో భాగానికి మందు లేని నకళ్లు. స్టాఫ్ ఇన్ఫెక్షన్లు మొదటి వారిలో 3.4 శాతం, రెండో వారిలో 7.7 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2016లో, స్టాఫ్ ఉన్నట్టు తేలినవారికి గుండె, ఎముకల ఆపరేషన్లకు ముందు మ్యుపిరోసిన్ వాడమని సిఫారసు చేసింది. అయితే ఆ నెదర్లాండ్స్ రోగుల్లో ఉన్న స్టాఫ్ అంతా మెథిసిలిన్‌కూ మ్యుపిరోసిన్‌కూ లొంగేదే, అంటే ఎమ్మార్ఎస్ఏ కాదు. మన దగ్గర పరిస్థితి అంత సుఖంగా లేదు. మ్యుపిరోసిన్ ట్యూబును ఇక్కడ దోమకాటుకు కూడా రాస్తారు.

మా ఆసుపత్రిలో దీని మీద పెద్ద చర్చే జరిగింది. ముక్కు పరీక్ష దండగ, అందరికీ ఆయింట్‌మెంట్ ఇచ్చేస్తే పోతుంది కదా అని అకౌంట్స్ వైపు నుంచి వాదన. కాగితం మీద లెక్క వేశాం. పరీక్షకు రూ.500, ఆయింట్‌మెంటుకూ స్నానపు మందుకూ కలిపి రూ.600 అనుకుందాం. వంద మందిని పరీక్షించి, స్టాఫ్ ఉన్న పాతిక మందికే మందు ఇస్తే రూ.65,000. పరీక్ష లేకుండా వంద మందికీ మందు ఇస్తే రూ.60,000. తేడా మనిషికి యాభై రూపాయలు. అంటే డబ్బు ఈ ప్రశ్నను తేల్చదు. పరీక్ష చేస్తే డెబ్బై అయిదు మంది అనవసరంగా మ్యుపిరోసిన్ వాడకుండా ఉంటారు, దానికి లొంగని రకాలు పెరిగే వేగం తగ్గుతుంది. ఎవరి ముక్కులో ఎమ్మార్ఎస్ఏ ఉందో కూడా ముందే తెలుస్తుంది, ఆపరేషన్ రోజు ఏ మందు వేయాలో దాన్ని బట్టి మారుతుంది. ఆ యాభై రూపాయలు ఈ రెండింటి కోసం.

మేలు వైపు కూడా లెక్క చూద్దాం. స్టాఫ్ ఉన్నవారిలో కీలు ఇన్ఫెక్షన్ ముప్పు నూటికి రెండు అనుకొని, మందు దాన్ని ఒకటికి తగ్గిస్తుందనుకుంటే, నాలుగు వందల ఆపరేషన్లకు ఒక ఇన్ఫెక్షన్ తప్పుతుంది. ఆ ఒక్కటి తప్పించడానికి అయ్యే ఖర్చు రూ.2,60,000. తప్పే ఖర్చు ఆరేడు లక్షలు. ఆసుపత్రిగా చూస్తే లాభమే. కాని నాలుగు వందల మంది తలా కొంత కడతారు, తప్పించుకున్న ఆ ఒక్కరెవరో ఎప్పటికీ తెలియదు. కృతజ్ఞతలు చెప్పే రోగి లేని వైద్యం ఇది. చివరికి పరీక్ష ఖర్చును విడిగా వసూలు చేయకుండా ఆపరేషన్ ప్యాకేజీలోనే కలిపేయించాం. విడి బిల్లయితే పేదవాళ్లే ముందు వద్దంటారు, షుగర్ ఎక్కువగా అదుపు తప్పి ఉండేదీ వాళ్లలోనే.

మొదటి విడత విఫలం

ఆపరేషన్ తేదీ దగ్గర పడ్డాక అయిదు రోజుల కోర్సు ఇచ్చాం. పూటకోసారి చొప్పున రోజుకు రెండుసార్లు రెండు ముక్కుల్లో ఆయింట్‌మెంట్, రోజూ 4 శాతం క్లోర్‌హెక్సిడిన్ స్నానం. కోర్సు ముగిశాక మళ్లీ నమూనా తీస్తే ఎమ్మార్ఎస్ఏ అలాగే ఉంది.

మొదట వచ్చే అనుమానం మ్యుపిరోసిన్‌కు లొంగని రకమేమో అని. మైక్రోబయాలజిస్టును అడిగి ఆ పరీక్ష చేయించాం. లొంగుతుందనే వచ్చింది. మరి మందు పనిచేస్తూ ఫలితం రాలేదంటే మందు చేరాల్సిన చోటికి చేరలేదన్నమాట. నోటి మాత్రలు జోడిద్దామని ఒక సహచరుడు సూచించారు. రిఫాంపిసిన్ లాంటి క్షయ మందును ముక్కులోని స్టాఫ్ కోసం ఖర్చు పెట్టడం నాకు నచ్చలేదు. ముందు ఎలా వాడారో చూద్దామన్నాను.

వార్డు సిస్టర్ ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి, ఇంట్లో ఎలా చేశారో అలాగే చేసి చూపించమన్నారు. ఆమె చూపుడు వేలికి ఆయింట్‌మెంట్ రాసుకొని ముక్కు అంచుల మీద, బయట, జలుబుకు బామ్ పూసినట్టు పూశారు. ఎడమ ముక్కుకు రాళ్ల ముక్కుపుడక ఉంది. పెళ్లినాడు పెట్టినది. లోపలి మర ఏనాడో బిగుసుకుపోయి, చుట్టూ ఎండిన చెక్కు కట్టి ఉంది. ఆ వైపు మందు తగలకుండా వేలు జాగ్రత్తగా పక్కకు తిప్పారు, బంగారం నల్లబడుతుందేమోనని.

స్నానం గురించి సిస్టర్ అడిగారు. బకెట్ వేడినీళ్లలో మూతెడు మందు కలిపి పోసుకున్నారట. తర్వాత మామూలు సబ్బు, ఆపైన కాళ్లకు కొబ్బరినూనె. డెట్టాల్ వాడే పద్ధతే ఇది, మన ఇళ్లలో అందరికీ తెలిసినది అదే. ఈ మందును బకెట్‌లో కలిపితే ఒంటికి తగిలేది లేనట్టే. తడి ఒంటికి గుడ్డతో నేరుగా రాసి, రెండు నిమిషాలు ఉంచి కడగాలి. తర్వాత సబ్బూ నూనె రాయకూడదు. సీసా మీద ఇవన్నీ ఉన్నాయి, చీమ తలకాయంత ఇంగ్లిష్ అక్షరాల్లో.

ఇంటి గురించి అడిగితే మరో సంగతి తేలింది. ఆమె పక్కలో పడుకునే మనవడికి తొడల మీద, పిరుదుల మీద సెగ్గడ్డలు వచ్చి పోతున్నాయి. ఇద్దరిదీ ఒకే దుప్పటి, ఒకే తువ్వాలు. ఆవులకు పొదుగువాపు తెచ్చేవాటిలోనూ స్టాఫ్ ముఖ్యమైనదని మా మైక్రోబయాలజిస్టు ఉత్సాహంగా చెప్పారు. అటు వెతకడం పరిశోధనకు పనికొస్తుంది, శివరాత్రి దాటాక జరగాల్సిన ఆపరేషన్‌కు కాదు. మనవడిని పిల్లల డాక్టరుకు చూపించడంతో సరిపెట్టాం.

రెండో విడత

ముక్కుపుడక తీయాలనగానే ఆమె ముఖం మారిపోయింది. “మా ఆయన ఉండగా అది తీయకూడదు నాయనా” అన్నారు. ఇన్ఫెక్షన్ ముప్పు గురించి మరోసారి చెప్పడం వల్ల ఒరిగేదేమీ లేదు, ఆమె ఆ ముప్పును కాదనలేదు కదా. పక్కనే ఉన్న భర్త, “నేనుండే కదా తీయమంటున్నాను, మళ్లీ నేనే పెట్టిస్తాలే” అన్నారు. దాంతో పని అయింది. ఊళ్లో బంగారు పని చేసే ఆచారి మర విప్పారు. రంధ్రం పూడకుండా చీపురు పుల్ల పెట్టుకుంటానన్నారు, అది మాత్రం వద్దన్నాం. నలభై ఏళ్ల నాటి రంధ్రం వారం పది రోజుల్లో పూడుకుపోదు.

కోడలు ఫోనులో సిస్టర్ చేసి చూపినదంతా వీడియో తీసుకున్నారు. అగ్గిపుల్ల తలంత ఆయింట్‌మెంట్ దూదిపుల్లతో ముక్కు లోపలి గోడకు రాయడం, రెండు ముక్కులూ మూసి కొద్దిసేపు నలపడం, మెడ నుంచి కిందికి, చంకలు, గజ్జలు, బొడ్డు వదలకుండా క్లోర్‌హెక్సిడిన్ రాయడం. రోజూ ఉతికిన తువ్వాలు, ఉతికిన బట్టలు. దుప్పట్లు వేడినీళ్లలో ఉడికించి ఎండలో వేశారు. మనవడి పడక వేరు చేశారు, వాడు ఏడ్చాడట.

ఈసారి నమూనాలో ఎమ్మార్ఎస్ఏ లేదు. హెచ్‌బీఏ1సీ 7.4కు దిగింది. ఆపరేషన్ తేదీని దగ్గరగానే పెట్టాం. ముక్కు శుభ్రపడడం శాశ్వతం కాదు, కొన్ని వారాలకో నెలలకో చాలామందిలో స్టాఫ్ తిరిగి చేరుతుంది. శుభ్రం చేసి నెల ఆగి ఆపరేషన్ చేస్తే పడిన శ్రమంతా నీళ్లపాలే.

వాంకోమైసిన్ వేయాలా?

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించింది ఇక్కడే. మోకాలి మార్పిడికి మేం మామూలుగా వేసేది సెఫజోలిన్ అనే సెఫలోస్పోరిన్ యాంటీబయాటిక్ 2 గ్రాములు. ఎమ్మార్ఎస్ఏ మీద అది పనిచేయదు, వాంకోమైసిన్ పనిచేస్తుంది. అలాగని అందరికీ రెండూ కలిపి వేస్తే మంచిదేనా? 2023లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన పరిశోధనలో ఎమ్మార్ఎస్ఏ ఉన్నట్టు తెలియని నాలుగు వేల మందికి పైగా కీలు మార్పిడి రోగుల్లో సగం మందికి సెఫజోలిన్‌తో పాటు వాంకోమైసిన్ వేశారు. ఇన్ఫెక్షన్లు తగ్గలేదు. మోకాలి ఆపరేషన్లు విడిగా చూస్తే వాంకోమైసిన్ వేసినవారిలో 5.7 శాతం, వేయనివారిలో 3.7 శాతం. ‘ఇంకొకటి వేస్తే పోయేదేముంది’ అనేవాళ్లకు ఈ అంకెలు చూపిస్తుంటాను.

ఈమె ఆ పరిశోధనలోని రోగుల్లాంటి మనిషి కాదు. రెండుసార్లు ఎమ్మార్ఎస్ఏ పెరిగింది, మూడోసారి పెరగలేదు. ఒక నమూనాలో లేనంత మాత్రాన గొంతులో, గజ్జల్లో కూడా లేదని అర్థం కాదు. అవతలి పక్క క్రియాటినిన్ 1.3 ఉన్న మూత్రపిండాలు. ఒక్క మోతాదు వాంకోమైసిన్ వాటికి చేసే హాని స్వల్పం, రోజుల తరబడి వేస్తే ఆ మాట అనలేం. అందుకే రెండూ వేయాలి, ఒక్కొక్క మోతాదే వేయాలి అని అనస్థీషియా డాక్టరూ నేనూ తేల్చుకున్నాం. నొప్పి మాత్రలన్నీ అప్పటికే ఆపించాం. జెంటామైసిన్ కలిపిన ఎముక సిమెంటు గురించి కంపెనీ ప్రతినిధి ప్రత్యేకంగా చెప్పి వెళ్లాడు. ఆమె ఎమ్మార్ఎస్ఏ జెంటామైసిన్‌కు లొంగదని రిపోర్టులోనే ఉంది. పనిచేయని మందుకు అదనపు ధర ఎందుకని మామూలు సిమెంటే వాడాం.

ఆపరేషన్ రోజు

మందు కంటే వేళ ముఖ్యం. 1992లో అమెరికాలో 2,847 మంది రోగులను గమనించిన పరిశోధనలో, కోతకు ముందు రెండు గంటల్లోపు యాంటీబయాటిక్ అందినవారిలో ఇన్ఫెక్షన్ 0.6 శాతం. అంతకంటే చాలా ముందే వేసినవారిలో 3.8 శాతం, కోత తర్వాత మూడు గంటలు దాటాక వేసినవారిలో 3.3 శాతం. అదే మందు, అదే ధర. వాంకోమైసిన్‌ను గంటకు పైగా మెల్లగా ఎక్కించాలి. తొందరపడి ఎక్కిస్తే ఒళ్లు ఎర్రబడి దురద వస్తుంది. కాబట్టి థియేటర్‌కు తీసుకెళ్లాక మొదలుపెడితే కుదరదు. వార్డులోనే మొదలుపెట్టించి, సెఫజోలిన్‌ను థియేటర్‌లో, తొడకు టూర్నికే (రక్తప్రవాహం ఆపే పట్టీ) బిగించడానికి ముందే వేశాం. బిగించాక వేస్తే మందు మోకాలిని చేరదు. చిన్న విషయమే, కాని హడావిడిలో తారుమారయ్యేది ఇదే.

వార్డు అటెండర్ పద్ధతి ప్రకారం ముందు రాత్రి బ్లేడు తీసుకొని కాలు గొరగడానికి వెళ్లాడు. సిస్టర్ ఆపారు. బ్లేడు గొరుగుడు చర్మం మీద కంటికి కనిపించని గాట్లు పెడుతుంది, వాటిలో సూక్ష్మజీవులు రాత్రంతా పెరుగుతాయి. వెంట్రుకలు అడ్డమైతే క్లిప్పర్‌తో కత్తిరించడమే. ఆమె కాలికి అదీ అవసరం పడలేదు.

తర్వాత

ఆపరేషన్ ముగిశాక మరో మోతాదు యాంటీబయాటిక్ వేయలేదు. గాయం మూశాక యాంటీబయాటిక్ కొనసాగించవద్దన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ గట్టిగా చెప్పిన మాట. కొడుక్కి ఇది మింగుడు పడలేదు. పక్క మంచం రోగికి, వేరే డాక్టరు కింద, అయిదు రోజులుగా రెండు పూటలా ఇంజెక్షన్లు వేస్తున్నారు. మనకెందుకు వేయరు? డిశ్చార్జి రోజు చీటీలో యాంటీబయాటిక్ లేకపోవడం చూసి, మందుల షాపు నడిపే బంధువు లినెజోలిడ్ మాత్రలు ఇస్తానన్నాడు. కోడలు వేయకుండా ఆపి ఫోన్ చేశారు.

దానికి తోడు నాలుగో రోజున కుట్ల కింది భాగం నుంచి పల్చని నీరు ఊరింది. ఎరుపు లేదు, వేడి లేదు, జ్వరం లేదు. ఇలాంటప్పుడు మాత్రలు రాసి ఇవ్వడం అందరికీ హాయి. రోగి ఊరట పడతారు, డాక్టరుకు నిద్ర పడుతుంది. కాని లోపల ఇన్ఫెక్షన్ నిజంగా మొదలైతే మాత్రలు దాన్ని అణచవు, కనిపించకుండా దాస్తాయి. తర్వాత లోపలి ద్రవం తీసి కల్చర్ చేసినా ఏమీ పెరగదు. కోత పైనుంచి దూదితో నమూనా తీసినా చర్మం మీది జీవులే వస్తాయి, అదీ వద్దనుకున్నాం. గట్టి కట్టు కట్టి, మోకాలు వంచే వ్యాయామం రెండు రోజులు ఆపించి, రోజూ చూపించమన్నాను. వారం దాటినా ఊరితే థియేటర్‌కు తీసుకెళ్లి తెరిచి కడగాలన్నది ముందే చెప్పిన షరతు. ఆరో రోజుకు కట్టు పొడిగా ఉంది.

కుట్లు విప్పేనాటికి గాయం గీతలా మానింది. మామిడి కోతల వేళకు కర్ర పట్టుకొని తోటలో తిరిగారు. ఏడాది తర్వాత చూస్తే కీలు బాగుంది, వాపు లేదు.

మా దగ్గర మారినవి

ముక్కు పరీక్షను ఆపరేషన్ తేదీ ఖరారు చేసే రోజే చేస్తున్నాం, మొదటి విడత విఫలమైతే రెండో విడతకు వ్యవధి ఉండేలా. స్నానపు మందు, ఆయింట్‌మెంట్ వాడే తీరు తెలుగులో, బొమ్మలతో ఒక కాగితం మీద వేయించాం. ‘బకెట్‌లో కలపకండి’ అన్నది అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ముక్కుపుడక గురించి మగ డాక్టరు కాకుండా సిస్టర్ అడుగుతారు, భర్తో అత్తగారో పక్కనున్నప్పుడు. తుంటి విరిగి వచ్చే ముసలివాళ్లకు అయిదు రోజులు ఆగే వీలుండదు. వాళ్లకు ఆపరేషన్ రోజునే ముక్కులో పోవిడోన్ అయోడిన్ అనే క్రిమినాశిని రాస్తున్నాం. దానికి లొంగని రకాల బెడద లేదు, ధరా తక్కువే. వాంకోమైసిన్ ఎవరికి వేయాలన్నది ఇప్పుడు ముక్కు రిపోర్టు చూశాకే తేలుస్తున్నాం. పక్క మంచం రోగికి అయిదు రోజులు ఇంజెక్షన్లు వేసే సహచరుడితో చర్చ ఇంకా నడుస్తోంది. ఆయన మూడు రోజులకు దిగారు.

ఆమె ఇప్పుడు ఎడమ మోకాలికి వచ్చారు. ముక్కు నమూనాలో ఎమ్మార్ఎస్ఏ మళ్లీ పెరిగింది. షుగర్ 7.1, మూత్రం పరీక్ష చేయలేదు. ఆయింట్‌మెంట్ ఆదివారం మొదలుపెట్టాలి, శుక్రవారం నమూనా, మరుసటి వారం ఆపరేషన్. కొడుకు ఈసారి సెలవు అడిగే ముందే తేదీ కోసం ఫోన్ చేశాడు. సెఫజోలిన్‌తో పాటు వాంకోమైసిన్ ఒక్క మోతాదు వేయాలా అని అనస్థీషియా డాక్టరు అడిగారు. క్రియాటినిన్ 1.2కు దిగింది కాబట్టి వేద్దామన్నాను.